దారిలో జనరేటర్‌ మొరాయిస్తే..
కరెంటు వస్తే చాలదు.. పొగ ఎటు పోతోందో చూడాలి

పావగడ: బండిలోనే మంచం, పొయ్యి, ఏసీ.. క్యారవాన్‌లో బయలుదేరితే ఇల్లే వెంట వచ్చినట్టుంటుంది. ఆ ఇంటికి కరెంటు ఇచ్చేది మాత్రం బండి అడుగునో, పక్క అరలోనో కూర్చున్న చిన్న జనరేటర్‌. అది నడిదారిలో ఆగిందా.. ఎండాకాలంలో అయితే ఆ ఇల్లు కాస్తా కొలిమే!

పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నా దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశే. శనిమహాత్మ ఆలయానికి, కొండ మీది కోటకు సరిహద్దు అవతల నుంచి జనం వస్తూనే ఉంటారు. తిరుమణి దగ్గర 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరిన సోలార్‌ పార్కు ఉన్నదీ ఇక్కడే. ఇంత కరెంటు పుట్టే నేల మీదైనా, రోడ్డు పక్కన నిలిచిన బండికి సొంత జనరేటరే దిక్కు. అది ఆగిపోతే గ్యారేజీ వెతుక్కునే ముందు కొన్ని సంగతులు చూసుకుంటే అక్కడికక్కడే తేలిపోవచ్చు.

ముందు డీజిల్‌.. తర్వాత ఆయిల్‌
మొదట ఏసీ, ఫ్రిజ్‌, లైట్లు అన్నీ ఆపేయాలి. తర్వాత ట్యాంకు చూడాలి. చాలా క్యారవాన్లలో ఇంజిన్‌కు, జనరేటర్‌కు ట్యాంకు ఒక్కటే. కాకపోతే జనరేటర్‌ గొట్టం కొంచెం పైన ఉంటుంది. ట్యాంకులో పావు వంతు మిగలగానే జనరేటర్‌ ఆగిపోతుంది, బండి మాత్రం నడుస్తుంది. ఉన్న ఇంధనమంతా జనరేటర్‌ తాగేసి మనిషిని అడవిలో వదిలేయకూడదనే ఈ ఏర్పాటు. ఇది తెలియక రిపేరు అనుకుని విప్పేసేవారున్నారు.

డీజిల్‌ పూర్తిగా అయిపోయాక మళ్లీ పోస్తే గొట్టంలో గాలి చిక్కుకుంటుంది. ఫిల్టర్‌ దగ్గరి చిన్న స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలు ఆగేదాకా గాలి తీసేయాలి. పెట్రోల్‌ రకమైతే నెలల తరబడి వాడకుండా నిల్వ ఉన్న పెట్రోల్‌ కార్బ్యురేటర్‌లో జిగురు కట్టి అడ్డుపడుతుంది. ఇంజిన్‌ ఒకసారి పెరుగుతూ, ఒకసారి తగ్గుతూ ఊగిసలాడుతుంటే అనుమానించాల్సింది అక్కడే.

ఆయిల్‌ తగ్గితే దానంతటదే ఆగిపోయే జనరేటర్లు ఎక్కువ. ఆయిల్‌ సరిగ్గానే ఉన్నా బండిని వాలులో నిలిపితే సెన్సర్‌ మోసపోయి ఇంజిన్‌ను ఆపేస్తుంది. చదునైన చోటికి తీసుకెళ్తే చాలు, మళ్లీ అందుకుంటుంది.

దుమ్ము, ఎండ
మెట్ట ప్రాంతపు దుమ్ములో ఎయిర్‌ ఫిల్టర్‌ త్వరగా మూసుకుపోతుంది. స్పాంజి రకాన్ని కడిగి ఆరబెట్టి వాడొచ్చు, కాగితం రకాన్ని మార్చాల్సిందే. ఎండకు వేడెక్కి ఆగితే నీడన పెట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. కాలుతున్న ఇంజిన్‌ పక్కన పెట్రోల్‌ పోయడం మాత్రం చావును పిలవడమే.

నడుస్తోంది.. కరెంటు రాదు
ఇంజిన్‌ బాగానే తిరుగుతుంటే ముందు బ్రేకర్‌ పడిపోయిందేమో చూడాలి. లోడు ఎక్కువైతే అది పడుతుంది. 3 కేవీఏ జనరేటర్‌ అంటే 3 కిలోవాట్లు కాదు.. 0.8 లెక్కన 2.4 కిలోవాట్లే. ఏసీ మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి అన్నీ ఒకేసారి వేయకూడదు. బ్రేకర్‌ బాగుంటే లోపం కార్బన్‌ బ్రష్‌లలోనో, వోల్టేజ్‌ రెగ్యులేటర్‌లోనో, కెపాసిటర్‌లోనో ఉండొచ్చు. ఆగాక కూడా కెపాసిటర్‌లో కరెంటు మిగిలి ఉంటుంది, తెలియనివారు చేయి పెట్టకూడదు. బోర్ల మీదే బతికే ఈ ప్రాంతంలో మోటార్ల వైండింగ్‌ పని తెలిసినవారికి కొదవ లేదు, వారికి అప్పగించడమే మేలు.

అసలు ప్రమాదం ఇక్కడే
ఆగిపోయిన జనరేటర్‌ చెమట పట్టిస్తుంది, అంతే. పొగ లోపలికి వదిలే జనరేటర్‌ ప్రాణం తీస్తుంది. కేరళలోని వడకరలో 2024 డిసెంబర్‌ 23న రోడ్డు పక్కన నిలిపిన క్యారవాన్‌లో ఇద్దరు శవాలై కనిపించారు. దెబ్బల్లేవు, గొడవ లేదు. కాలికట్‌ ఎన్‌ఐటీ నిపుణులు అదే బండిలో జనరేటర్‌ నడిపి పరీక్షిస్తే సంగతి బయటపడింది. అడుగున ఉన్న రంధ్రం గుండా కార్బన్‌ మోనాక్సైడ్‌ లోపలికి చేరింది. ఏసీ కోసం తలుపులు మూసుకున్నవారు మరి లేవలేదు.

ఈ విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. అందుకే రిపేరు అయ్యాక కరెంటు వచ్చిందా అని చూసి ఊరుకోకూడదు. సైలెన్సర్‌ గొట్టం కీళ్లు బిగువుగా ఉన్నాయా, గతుకుల రోడ్లకు పగుళ్లిచ్చిందా, వైర్ల కోసం నేలకు వేసిన రంధ్రాలు పూడ్చారా అన్నది చూడాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు, ఈ పని వెలుతురుండగానే ముగించాలి.

ఇవి మరవొద్దు
* రిపేరయ్యాక అయిదు నిమిషాలు ఖాళీగా నడిపి, ముందు లైట్లు, చివర్లో ఏసీ వేయాలి.
* గోడ పక్కన, మరో బండిని ఆనుకుని నిలిపి నడపకూడదు. పొగ తిరిగి లోపలికే వస్తుంది.
* జనరేటర్‌ నడుస్తుండగా లోపల నిద్రపోకూడదు. రాత్రికి బ్యాటరీ ఫ్యాన్‌ చాలు. కప్పు మీద సోలార్‌ పలకలుంటే పగటి ఎండే బ్యాటరీని నింపుతుంది.
* కార్బన్‌ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే అలారం లోపల తప్పక ఉండాలి.
* లోపల ఉన్నవారికి తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలైతే ప్రయాణ బడలిక అనుకోవద్దు. వెంటనే అందరినీ బయటి గాలిలోకి తెచ్చి 108కు ఫోన్‌ చేయాలి. సరిహద్దుకు అటైనా ఇటైనా నంబరు అదే.