నీటిపాలైన సొమ్ము

పడవ యెక్కినవాని వస్తువులన్నియు వానితోగూడ ఆవలియొడ్డు చేరునన్న నమ్మకము లేదు. పాపికొండల సందున లాంచీ మలుపు తిరుగుచుండగా చిత్రము తీయబోయి చేజార్చుకొన్న ఫోను, గాలికి లేచిపోయిన టోపీ, నీటిమీదికి వంగినప్పుడు ముక్కుమీదినుండి జారిన కండ్లజోడు, తడిసిన వ్రేలినుండి ఊడిన ఉంగరము, ఇవి విహారయాత్రికులు నదికి సమర్పించు కానుకలు. పొట్టకూటికై కడలి కేగు మత్స్యకారుని నష్టము ఇంతకంటె పెద్దది: లంగరు రాతిసందున చిక్కి మోకు తెగును, తెడ్డును కెరటము ఎత్తుకొనిపోవును, అప్పుచేసి కొన్న వల రాత్రికి రాత్రి కనుమరుగగును. మహానౌకలమీదినుండి తుపానువేళ సరకులు నింపిన కంటైనర్లే దొర్లి సముద్రమున బడుచుండును. పోయినది ఉంగరమైనను కంటైనరైనను, పోగొట్టుకొన్నవాడు గంగపాలైనదని నిట్టూర్చి, దానితో తన సంబంధము అంతటితో తీరిపోయినట్లు భావించును. కాని ప్రకృతిశాస్త్రముగాని, ప్రాచీనధర్మశాస్త్రముగాని, నేటి న్యాయశాస్త్రముగాని ఆ సంబంధమును అంత సులభముగా తెగనీయవు.

మొదట ప్రకృతిధర్మము చూతము. ఒక ఘనమీటరు మంచినీరు వేయి కిలోగ్రాములు తూగగా, సముద్రజలము అందు కరగిన లవణములచేత దాదాపు 1025 కిలోగ్రాములు తూగును. అంత పరిమాణము గల నీటికంటె బరువైనది మునుగును, తేలికయైనది తేలును. బంగారము నీటికి పందొమ్మిది రెట్లకు పైగా బరువు. ఇనుము ఎనిమిది రెట్లకు కొంచెము తక్కువ. కావున ఉంగరమును లంగరును తిన్నగా అడుగంటును. పాలీప్రొపిలీను త్రాడు నీటికంటె తేలిక యగుటచే తేలియాడును, నైలాను వల బరువగుటచే మునుగును. అందుచేతనే జాలరులు వల పైత్రాటికి బెండ్లును, క్రిందిత్రాటికి సీసపు గుండ్లును కట్టి దానిని నీటిలో నిలువుగా నిలుపుదురు. తేలినది పడినచోట నిలువదు. మన తూర్పుతీరము వెంబడి సాగు సముద్రప్రవాహము ఫిబ్రవరి మొదలు మే వరకు ఈశాన్యముగా ఒడిశా వైపునకును, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు నైరృతిగా తమిళదేశము వైపునకును పారును. కావున విశాఖ కెదురుగా చైత్రమున జారిన తెడ్డు పోవు దిక్కు వేరు, కార్తికమున జారిన తెడ్డు పోవు దిక్కు వేరు. 1992 జనవరి 10న పసిఫిక్ మహాసముద్రమున ‘ఎవర్ లారెల్’ అను నౌకనుండి కంటైనర్లు పడిపోగా, వానిలో ఒకదానినుండి 28,800 స్నానపుతొట్టి బొమ్మలు వెలువడెను. బాతులు, కప్పలు, తాబేళ్లు మొదలగు ఆ బొమ్మలు నవంబరు నాటికి అలాస్కాలోని సిట్కా తీరమున తేలనారంభించెను.

ఇట్లు కొట్టుకొనిపోయి పరదేశపుటొడ్డున తేలిన వస్తువు ఎవరి సొత్తు అను ప్రశ్న మిక్కిలి ప్రాచీనము. కాళిదాసు శాకుంతలమున, శచీతీర్థమువద్ద శకుంతల వ్రేలినుండి జారిన రాజముద్రిక ఒక రోహితమత్స్యము కడుపున బడి, దానిని కోసిన జాలరి చేతికి వచ్చును. వాడు దానిని అంగడిలో అమ్మజూపగా రక్షకభటులు దొంగ యని కట్టి కొట్టుదురు. సత్యమెరిగిన దుష్యంతరాజు ఉంగరపు వెలకు సమానమైన ధనమును బహుమతిగా పంపగా, వాడు అందు సగము ఆ భటులకే ఇచ్చును. తుదకందరును చెలిమి చేసికొని కల్లంగడికి పోవుదురు. ఇది షష్ఠాంకమునకు ముందు నడచు ప్రవేశకము. ఆ యంకముననే ఓడవర్తకుడగు ధనమిత్రుడు సముద్రమున నౌకాభంగమై మరణించెననియు, సంతానము లేనందున వాని ధనము రాజునకు చెందవలసియున్నదనియు మంత్రి వ్రాసి పంపగా, దుష్యంతుడు వాని భార్యలలో గర్భవతి యెవరైన నున్నదేమో విచారింపించి, గర్భస్థశిశువునకే ఆ పితృధనము చెందునని తీర్పు చెప్పును. జాలరికథను హాస్యమునకును, వర్తకుని కథను సంతానహీనుడైన రాజు దుఃఖమునకును చదువుట పరిపాటి. రెంటిని కలిపి చదివినచో, నీటిపాలైన సొమ్ములో దొరికినవానికెంత, రాజునకెంత, సొంతదారుని వంశమునకెంత అను ధర్మవిచారణ అందు అంతర్లీనముగా సాగుచున్నట్లు తోచును.

కవి నాటకముగా చూపినదానిని శాస్త్రకారులు సూటిగా విధించిరి. గాలివానకు దెబ్బతిని వచ్చిన నావను నావధ్యక్షుడు తండ్రివలె ఆదరింపవలెననియు, నీటబడిన సరకుపై సుంకము పూర్తిగా మానుటయో సగము మాత్రమే గైకొనుటయో చేయవలెననియు కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది. తగినంతమంది మనుష్యులు లేకయో, పరికరములు లేకయో, మరమ్మతు లేకయో నావ మునిగినచో, పోయినదానిని ఆ అధ్యక్షుడే చెల్లింపవలెను. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము ప్రకారము, పడవవారి అపరాధమున చెడిన వస్తువునకు పడవవారందరును తమతమ వంతులకొలది కూడి పరిహార మియ్యవలెను. దైవికమైన ఆపద కలిగినచో వారికి దండనము లేదు. నేటి బీమాపత్రములలోని కొన్ని షరతులును నిర్లక్ష్యమునకు, దైవఘటనకు గల ఈ భేదము చుట్టునే తిరుగుచున్నవి.

శాస్త్రమిట్లున్నను ఆచారము వేరుగా నుండెను. తమ తీరమున పగిలిన ఓడను, దానినుండి కొట్టుకొనివచ్చిన సరకును రాజులు స్వాధీనము చేసికొనుచుండిరి. ఈ దురాచారమును స్పష్టముగా పేర్కొని మాన్పిన శాసనము మన తెలుగునేలమీదనే యున్నది. చీరాలకు సమీపముననున్న మోటుపల్లి కాకతీయులకు ముఖ్యమైన రేవు. మార్కోపోలో ముత్ఫిలి యని వర్ణించినది ఈ రేవు గల దేశమునే. అచ్చటి వీరభద్రాలయ స్తంభముపై గణపతిదేవచక్రవర్తి శకవర్షము 1166లో, అనగా క్రీ.శ. 1244–45లో, చెక్కించిన అభయశాసనములో, ఒక దేశమునుండి మరొక దేశమునకు బయలుదేరి, తుపానునకు చిక్కి, పగిలి ఒడ్డునబడిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వస్వమును పూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండిరనియు, ధనము ప్రాణముకంటె గొప్పదని తలచి సముద్రయానమునకు తెగించిన వర్తకులకు తాము కీర్తికొరకును ధర్మముకొరకును దయతో నిర్ణీతసుంకము తప్ప తక్కినదంతయు విడిచితిమనియు ఆ రాజు ప్రకటించెను. తరువాత చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, పగడము, మిరియములు మొదలగువానికి సుంకపు రేట్లును చెక్కబడినవి. ఇందు దయ యెంత కలదో రాజనీతియు నంత కలదు: పగిలిన ఓడను దోచిన రేవునకు మరుసటి ఏడు ఓడ రాదు.

నీటబడిన సొమ్ములన్నియు జారిపడినవే కావు; ఓడను తేలిక చేయుటకై నావికులే కావలెనని విసరివేసినవియు కలవు. అట్టి నష్టమును ఎవరు భరింపవలెను? అందరి రక్షణకై ఒకరి సరకు పోయినచో అందరును కూడి దానిని పూరింపవలెనని రోడ్సు ద్వీపవాసుల ధర్మము. ఆరవ శతాబ్దిలో జస్టీనియన్ చక్రవర్తి సంకలనము చేయించిన రోమక న్యాయసంగ్రహములో అది చోటు సంపాదించుకొన్నది. 2021లో ‘ఎవర్ గివెన్’ అను నౌక సూయజు కాలువకు అడ్డుపడినప్పుడు, దానిని విడిపించుటకైన వ్యయమును సరకుల యజమానులందరును పంచుకొనవలెనని నౌకాధిపతులు కోరినది ఈ సూత్రమును బట్టియే.

మన దేశమున 1958 నాటి వాణిజ్యనౌకాచట్టము సముద్రమున విసరబడి మునిగినవానిని, పడి తేలుచున్నవానిని, మరల కనుగొనుటకై బెండు కట్టి ముంచినవానిని విడివిడిగా పేర్కొని, అన్నిటిని నౌకాభంగద్రవ్యముగానే లెక్కించెను. దొరికినవాడు దానిని నియమితాధికారికి అప్పగింపవలెననియు, సొంతదారుడు ఒక సంవత్సరములోపల తన హక్కు నిరూపించి, వెలికితీసినవారి ప్రతిఫలమును, ఇతర ఖర్చులను చెల్లించి తీసికొనవచ్చుననియు ఆ చట్టము విధించెను. కాళిదాసు జాలరికి రాజు దయవలన లభించినది, నేడు దొరికినవానికి చట్టమువలన లభించుచున్నది.

ఇంతవరకు చెప్పినది హక్కు. హక్కు తెగనప్పుడు బాధ్యతయు తెగదు. పూర్వకాలపు నూలువల నీటబడినచో కొన్నాళ్లకు చివికి నశించెడిది. నైలాను వల ఏండ్ల తరబడి చివుకదు. తుపానులో కొట్టుకొనిపోయినను, మరబోటు అడ్డముగా పోయి తెగినను, మునిగిన ఓడ కొయ్యలకు తగుల్కొని నిలిచినను, అది యజమాని లేకయే చేపలను పట్టుచుండును. చిక్కినవాని బరువునకు కొంత క్రుంగును. కళేబరముల కాశపడి వచ్చిన పీతలును అందే చిక్కును. శీతకాలమున గ్రుడ్లు పెట్టుటకై మన తీరమునకు వచ్చు ఆలివ్ రిడ్లే తాబేలు, ఊపిరికై పైకి రావలసిన ప్రాణి యగుటచే, అట్టి వలలో చిక్కిన మరి బ్రదుకదు. ప్రపంచమున వాడు వేటసామగ్రిలో రమారమి నూటికి రెండు పాళ్లు ఏటేట సముద్రము పాలగుచున్నదని 2022లో ప్రచురింపబడిన అంచనా. నౌకలనుండి ప్లాస్టిక్ పారవేయుటను అంతర్జాతీయ ఒడంబడిక 1988 డిసెంబరు 31 నుండి నిషేధించినది. తగిన జాగ్రత్తలన్నియు తీసికొన్నను ప్రమాదవశమున పోయిన వలకు మాత్రము మినహాయింపు కలదు. మనువు చూపిన భేదమే ఇచ్చటను నిలిచినది. వలలకు యజమానిని తెలుపు గుర్తు లుండవలెనని 2018లో ఐక్యరాజ్యసమితి ఆహారవ్యవసాయసంస్థ మార్గసూత్రములను ఆమోదించినది. ఆ గుర్తు వల దొరికినప్పుడు యజమానికి హక్కు, దొరకక హాని చేసినప్పుడు వానిపై సాక్ష్యము.

కావున పడవ యెక్కువారు పాటింపదగిన నియమములు స్వల్పములే. కండ్లజోడునకు త్రాడు, తాళపుచెవులకు చిన్న బెండు, ఫోనునకు నీరు చొరని సంచియు మెడత్రాడును ఉండవలెను. లంగరు విడుచుటకు ముందు మోకు కొస పడవకు కట్టియున్నదో లేదో చూచుకొనవలెను. లంగరునకు వేరొక సన్నత్రాటితో బెండు కట్టినచో మోకు తెగినను అది యున్న చోటు తెలియును. వల పోయినచో ఆ తావును గుర్తించి తోటి పడవలవారికిని రేవు అధికారులకును తెలుపవలెను. చేజారిన వస్తువు వెంట మాత్రము నీటిలోనికి ఎవ్వరును దూకరాదు. పైన చెప్పిన శాసనములును చట్టములును పోయిన సరకునకు సొంతదారుని వెదకగలవు, వెల కట్టగలవు, నష్టమును పదిమందికి పంచగలవు; దూకి మునిగినవానిని తెచ్చి ఇంటివారికి అప్పగించు శక్తి వానిలో దేనికిని లేదు.