మిషనరీల వ్రాతకోతలు, తెలుగు భాషా వ్యవహారము

తెలుగునాట క్రైస్తవ మిషనరీలు చేసిన భాషాసేవను ప్రస్తావించునప్పుడు బైబిలు అనువాదములను, వ్యాకరణములను పేర్కొనుట పరిపాటి. ఆ గ్రంథకర్తలు పరదేశమున నివసించుటకు ఏ అనుమతిపత్రములు పొందిరో, జాబులెట్లు పంపుకొనిరో, బజారులో ఏ నాణెము చెల్లించిరో అను విషయములు మాత్రము అప్రధానములుగా విడువబడినవి. ఆ గ్రంథములు ఎక్కడ, ఏ పరిస్థితులలో పుట్టినవో గ్రహించుటకు ఈ లౌకిక వ్యవహారములే ముఖ్యాధారములని మా అభిప్రాయము.

మొదట లైసెన్సు సంగతి. 1813కు పూర్వము ఈస్టిండియా కంపెనీ అనుమతి లేనిదే ఆంగ్లేయులు దాని ఏలుబడిలో నివసించుటకు వీలులేదు. విలియం కేరీ 1793లో అట్టి అనుమతి లేకయే డేనిషు ఓడలో వంగదేశమునకు వచ్చెను. 1794లో నీలిమందు కర్మాగారమునకు కార్యనిర్వాహకుడై, ఆ వృత్తి నెపమున నివాసపు హక్కు సంపాదించుకొనెను. 1799లో వచ్చిన మార్ష్‌మన్, వార్డులకు కంపెనీ సీమలో ప్రవేశము దొరకలేదు. వారు డేనిషువారి శ్రీరాంపురమున ఆశ్రయము పొందగా, 1800లో కేరీయు వారిని చేరెను. తెలుగుసీమలో ఎన్నడును నివసింపని కేరీ రచించిన తెలుగు వ్యాకరణము 1814లో గంగాతీరమునందలి శ్రీరాంపురమున అచ్చగుటకు ఈ లైసెన్సు చిక్కు ఒక ప్రబల కారణము.

అమెరికా వాసి అడొనిరం జడ్సన్ చరిత్ర దీనికి మరియొక ముఖము. 1812లో కలకత్తా చేరిన ఆయనను కంపెనీ అధికారులు దేశము విడువుమని ఆజ్ఞాపించిరి. ఆయన మారిషసునకు పోయి, 1813లో మదరాసునకు మరలివచ్చి, అచటనుండియు వెడలగొట్టుదురను భయమున, దొరికిన ఓడనెక్కి రంగూను చేరెను. ఆయన నిఘంటు రచనయు బైబిలు అనువాదమును బర్మా భాషకు దక్కినవి. ఒక అనుమతిపత్రము దొరకుట, దొరకకపోవుటలచే ఏ భాషకు ఏ గ్రంథము దక్కునో నిర్ణయమైనదన్నచో అతిశయోక్తి కాదు. 1813 నాటి చార్టరు చట్టము మిషనరీలకు లైసెన్సు పొందు మార్గమును తెరచెను. 1833 నాటి చట్టము వచ్చిన పిమ్మట, కంపెనీ పాత ఏలుబడి ప్రాంతములందు నివసింపగోరు బ్రిటిషు ప్రజలు రేవులో దిగగానే తమ పేరు, గమ్యస్థానము, వృత్తి వ్రాసియిచ్చిన చాలెను.

1805లో విశాఖపట్టణము చేరిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజిలు ఆనందరాయరు అను తెలుగు ఎరిగిన సహాయకుని తోడ్పాటుతో సువార్తల అనువాదమునకు పూనుకొనిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను మృతినొందిరి. వారి కృషిఫలమైన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురముననే ముద్రితములైనవి.

ఇక దినచర్య. ఆనాటి మదరాసు రాజధానిలో ఒక వరహాకు నలువదిరెండు రూకలు, ఒక రూకకు ఎనుబది కాసులు. మూడున్నర రూపాయలు ఒక వరహాకు సమానము. 1818లో రూపాయి ప్రమాణ నాణెమైనను పాత లెక్కలు ప్రజల నోట వెంటనే పోలేదు. 1854లో దూరముతో నిమిత్తము లేని తపాలా బిళ్లలు వచ్చువరకు జాబునకు దూరమునుబట్టి రుసుము చెల్లింపవలసియుండెను. కూలి, ఇంటి అద్దె, బంగీ, కచేరీలో అర్జీ, ఇవియన్నియు భాషతో ముడిపడిన పనులే. పండితునివద్ద కావ్యభాష నేర్చిన విదేశీయునకు రసీదు, జమా, వసూలు, దరఖాస్తు, దస్తావేజు వంటి పదములు కావ్యములలో దొరకవు. అవి బజారులోను కచేరీలోను నేర్వవలసినవి. మిషనరీ కాకపోయినను, కంపెనీ ఉద్యోగియైన సి. పి. బ్రౌను ఈ లోపమును గుర్తించి 1852లో జిల్లా నిఘంటువును, 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. వ్యవహారావసరమే నిఘంటు రచనకు ప్రేరకమైనదని ఇవి చాటుచున్నవి.

కాగితము ప్రాణరక్షకమైన సందర్భమును కలదు. 1876-78 నాటి ఘోర క్షామమున ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ, పూర్వము నేర్చిన భూమికొలత విద్య ఆధారముగా, బకింగుహాము కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకమును ప్రభుత్వమునుండి గుత్తకు పుచ్చుకొనెను. కొలతలు, కూలిపట్టీలు, బట్వాడా లెక్కలు నాటి మతబోధకుని నిత్యకృత్యములైనవి. ఆయన తెలుగు బోధకులే మేస్త్రీలై కూలీలపై పర్యవేక్షణము చేసిరి. కూలి ఆశతో మతము పుచ్చుకొనిరను అపవాదు రాకుండ, ఆ పనులు సాగినంతకాలము బాప్తిస్మములు ఆపివేయబడినవి. పిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను ఉదాహరించువారు దానికి వెనుకనున్న కూలిపట్టీలను సాధారణముగా స్మరింపరు.

1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము మిషనరీల వ్రాతపనిని మరింత పెంచెను. వధూవరుల పేరు, వయస్సు, వృత్తి, నివాసము, తండ్రి పేరు దాఖలు చేయుట విధియైనది. మిషనరీలకు ఇది విసుగు పుట్టించు పని కావచ్చును. కాని కావ్యములలో పేరైన కానరాని పేదజనుల నామధేయములు, ఊళ్లు, వృత్తులు వ్రాతకెక్కిన తావులలో ఈ దాఖలాలు ముఖ్యములు. మాల మాదిగ పల్లెల వ్యక్తినామములను పరిశీలింపగోరువారికి ఇంతకంటె విలువైన సామగ్రి అరుదు.

గ్రంథములు గ్రంథాలయములలో భద్రముగానున్నవి. రసీదులకును పద్దులకును ఆ భాగ్యము లేదు. ఒకసారి చెదలు పట్టినచో వానికి రెండవ ప్రతి ఉండదు. మునిషీల, దుబాసీల, మేస్త్రీల పేళ్లు వానిలోనే మిగిలియున్నవి. తెలుగు పరిశోధకులు అచ్చుగ్రంథములతో తృప్తిచెందక ఈ చిల్లర కాగితములను సేకరించి, పట్టికలు కూర్చి, వానిలోని పదజాలమును పరిశీలింపవలెనని మా విన్నపము.