సాంకేతిక రచన - నల్లగొండ నీరు నేర్పిన పాఠము

ఒక యంత్రమునుగాని, మందునుగాని, విధానమునుగాని సరిగా ఉపయోగించుటకు వలసిన విషయములను తెలుపునది సాంకేతిక రచన. ఇందు ఒక మాట తప్పినచో అర్థము మాత్రమేగాక పనియు చెడును. దీనికి మన నల్లగొండ జిల్లాయే మంచి నిదర్శనము.

ఇక్కడి రాతిపొరలలోని ఫ్లోరైడు భూగర్భజలములో కరగుచుండును. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు గల నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో దంతములకు గార పట్టును. అది మిక్కిలి హెచ్చైనచో ఎముకలు వంగిపోవును. దీనిని తొలగించుటకు నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశకములో రూపొందించినదే 'నల్లగొండ విధానము'. నీటిలో సున్నము, బ్లీచింగు పొడి, ఆపై పటిక వేసి కలిపినచో అల్యూమినియం హైడ్రాక్సైడు మడ్డి ఏర్పడును. ఫ్లోరైడు దానిని అంటుకొని అడుగునకు చేరును. పైనున్న తేట నీటిని వేరు చేసికొనవలెను.

రసాయనశాస్త్రము ఇంతే. దీనిని ఇంటి ఇల్లాలికి తెలుపుటయే కష్టము. 'నీటిని శుద్ధిచేసి త్రాగవలెను' అని వ్రాసితిమనుకొందము. చదివినవారు నీటిని కాచుదురు. కాచినచో సూక్ష్మజీవులు నశించునేగాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైనకొలది దాని పాలు హెచ్చును. కావున చేయవలసిన పనిని పేరుపెట్టి చెప్పవలెను.

ఇక మోతాదు. పటిక ఎంత వేయవలెనన్నది నీటిలోని ఫ్లోరైడును, క్షారత్వమును బట్టి మారును. ఈ రెంటిని చూపు పట్టిక ఇంజనీరుకు చాలును. ఇంటిలో ఉపయోగించువారికి మాత్రము ఆ బావినీటిని పరీక్షించి, బిందెకు ఎన్ని చెంచాలో ఒక్క పంక్తిలో వ్రాసి ఇయ్యవలెను. ఒక బావికి వ్రాసినది మరియొక బావికి చెల్లదనియు చేర్చవలెను.

ఈ విధానమునే ఆఫ్రికాలోని టాంజానియా పల్లెలలో నేర్పినప్పుడు, 'ఒక నిమిషము' అనుటకు మారుగా 60 లెక్కించువరకు వేగముగా కలుపుమనిరి. గడియారము లేని ఇంటను ఆ మాట పనిచేయును. సాంకేతిక రచనయందలి నేర్పు ఇదియే.

నేటి పోకడలును ఈ దిశనే సాగుచున్నవి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2023లో సరళభాషకు ఒక ప్రమాణమును వెలువరించినది. చదువరికి కావలసినది రచనలో ఉండవలెను, అది సులభముగా దొరకవలెను, అర్థము కావలెను, ఆచరణకు అక్కరకు రావలెను అనునవి అందలి నాలుగు సూత్రములు. వ్రాసినదానిని ఉపయోగించువారి చేతికిచ్చి, వారెచ్చట తడబడుదురో గమనించి దిద్దుటయు వాడుకలోనికి వచ్చినది. బొమ్మలును, సెల్‌ఫోనులో చూపు వీడియోలును చదువురానివారికి తోడ్పడుచున్నవి.

కృత్రిమ మేధ క్షణములో తెలుగు చిత్తుప్రతిని సిద్ధము చేయగలదు. అయితే మిల్లీగ్రాము గ్రాముగా మారినను వాక్యము నున్నగనే యుండును. అందుచే అంకెలను, కొలతలను మూలముతో సరిచూచు బాధ్యత మనుష్యునిదే.

మిషన్ భగీరథ పథకము వలన శుద్ధిచేసిన కృష్ణాజలము నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు పల్లెలకు చేరినది. అయినను గొట్టపు నీరు రాని నాడు బోరింగు వద్దకు పోవువారుందురు. 'ఈ నీరు బట్టలకు, పాత్రలకు మాత్రమే. కాచినను త్రాగరాదు' అని అచ్చట వ్రాసియున్నచో ఆ రెండు ముక్కలే ఒక బిడ్డ ఎముకలను కాపాడగలవు.