పూటకూళ్ళమ్మ కొడుకు నల్లకోటు వేసుకుంటే

క్రిమినల్ లాయరు అనగానే మీకేం గుర్తొస్తుంది చెప్పండి? నాకైతే సినిమాయే గుర్తొచ్చేది. నల్లకోటు, బల్ల గుద్దడం, "యువరానర్!" అని కేకలు, బోనులో హీరోగారి తల్లి కన్నీళ్ళు. డబ్బు పారేస్తే ఎంతటి హంతకుణ్ణయినా విడిపించేస్తారని ఓ మాట కూడా వాళ్ళ మీద ఉండనే ఉంది. క్రిమినల్ ప్లీడరుకి పిల్లనిస్తే ఆ పాపంలో పిల్లకీ వాటా వస్తుందని మా అమ్మమ్మ అనేది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఎందుకు దాచడం?

మూడేళ్ళ కిందట మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె కొడుకుని పోలీసులు తీసుకెళ్ళారు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. పెళ్ళిళ్ళలో వడ్డనకి వెళ్ళేవాడు. ఓ పెళ్ళిలో గొలుసు పోయిందట, వీడే తీశాడని కేసు. మా వీధి ఆడవాళ్ళందరం పంపు దగ్గర చేరి, "చెయ్యకపోతే ఎందుకు పట్టుకెళ్తారమ్మా?" అనేసుకున్నాం. ఆ అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అంతటితో ఆగానా? మర్నాటినుంచి బట్టలు వేరే బండికి పంపించాను. ఆమె నన్నేమీ అడగలేదు.

ఆ కుర్రాడు పదకొండు రోజులు జైల్లో ఉన్నాడు. లాయరుని పెట్టుకునే తాహతు వాళ్ళకి లేదు. కోర్టువారే ఉచితంగా ఒక లాయరుని ఇచ్చారు. చిన్న వయసు అమ్మాయి. ముందు బెయిలు తెచ్చింది. విచారణ మొదలయ్యేసరికి ఏడాదిన్నర పట్టింది. గొలుసు తీస్తుండగా చూశానని చెప్పినావిడని ఆ అమ్మాయి అడిగినవి నాలుగే ప్రశ్నలట. ఎక్కడ నిలబడ్డారు? ముఖం చూశారా? వెనకనుంచి చూశారా? చొక్కా ఏ రంగు? ఆవిడ చొక్కా రంగు చెప్పింది. ముఖం చూళ్ళేదంది. వడ్డనకి వచ్చిన పధ్నాలుగు మందికీ అదే రంగు చొక్కా! కేసు కొట్టేశారు. బల్ల గుద్దిందీ లేదు, కేకలు పెట్టిందీ లేదు.

ఈ సంగతి ఇస్త్రీ ఆమె చెబుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అప్పటినుంచీ ఈ వృత్తి గురించి కొంచెం చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. చదివినవాటిలో నా మనసుకి బాగా పట్టింది మన ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి కథ. ఆయన్ని తుపాకీకి గుండె చూపించిన నాయకుడిగా, ముఖ్యమంత్రిగా మనకి స్కూల్లో చెప్పారు. దానికి ముందు ఆయన కోర్టులో ఎంత పేరున్న ప్లీడరో మనలో ఎంతమందికి తెలుసు?

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్యగారు చిన్నతనంలోనే పోయారు. తల్లి సుబ్బమ్మగారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ళ ఇల్లు పెట్టారు. ఇప్పటి పిల్లలకి ఈ మాట తెలియదు. ఊరికి పనుల మీద వచ్చినవాళ్ళకి డబ్బు పుచ్చుకుని పూటకి ఇంత అన్నం పెట్టే ఇల్లన్నమాట. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ పేరు వస్తే నవ్వుకుంటాం గానీ, ఆ రోజుల్లో భర్తపోయిన ఆడది ఆ పని చేసిందంటే ఊళ్ళో ఎన్ని మాటలు పడి ఉంటుందో మీరే ఊహించండి. గ్యాసు లేదు, మిక్సీ లేదు. తెల్లారకముందే పొయ్యి రాజేసి ఎవరెవరికో వండి వార్చి, ఆ డబ్బుతో కొడుకుని చదివించింది. పదిమంది చుట్టాలొస్తేనే మనకి నడుం పడిపోతుందే! ఆవిడ అలా ఎన్నేళ్ళు చేసిందో.

కుర్రాడు మాత్రం ఒట్టి అల్లరివాడు. నాటకాల్లో వేషాలు, స్నేహాలు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే మాస్టారు అతనిలోని తెలివి కనిపెట్టి, తను రాజమండ్రి వెళ్తూ తనతో తీసుకెళ్ళి చదివించారు. తల్లి పొయ్యి దగ్గర పడిన కష్టం, ఈ మాస్టారు చూపిన ఆదరణ, ఈ రెండూ లేకపోతే ఆంధ్రకేసరి లేడు. ఆ తర్వాత మద్రాసులో లా చదివి సెకండు గ్రేడు ప్లీడరయ్యారు. రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టి బోలెడు పేరూ, డబ్బూ సంపాదించారు. 1904లో, ముప్ఫయ్యొక్కటో ఏట, ఆ ఊరికి మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు.

ఇక్కడ ఒక ముడి ఉంది. ఆ కాలంలో వకీళ్ళలోనూ తరగతులు ఉండేవి. సెకండు గ్రేడు ప్లీడరు కింది కోర్టుల్లోనే వాదించాలి. పై కోర్టుకి కేసు వెళ్తే, దాన్ని మొదటినుంచీ నడిపినవాడైనా సరే నోరెత్తడానికి లేదు, బారిస్టరో మరొకరో మాట్లాడాలి. ఒకసారి కేసు పనిమీద మద్రాసు వెళ్ళినప్పుడు ఈయన తెలివితేటలు చూసిన ఒక బారిస్టరు, "మీరే బారిస్టరు కాకూడదా?" అన్నారట. అంతే, ఉన్న ప్రాక్టీసు వదులుకుని ఇంగ్లండుకి ఓడ ఎక్కేశారు. మాంసం ముట్టను, మందు తాగను, పొగ తాగను అని అమ్మకి మాటిచ్చి మరీ వెళ్ళారు. ఊరందరికీ వండి పెట్టిన ఆవిడకి, అంత దూరాన తన కొడుకు ఏం తింటున్నాడోనని బెంగ ఉండదూ!

బారిస్టరు పట్టా పుచ్చుకుని 1907లో మద్రాసు హైకోర్టుకి వచ్చారు. అప్పట్లో అక్కడ పేరున్న లాయర్లంటే తెల్లవాళ్ళు, లేకపోతే అరవవాళ్ళు. వాళ్ళ మధ్య తెలుగువాడు నిలదొక్కుకున్నాడు. సివిలూ, క్రిమినలూ రెండూ చూసేవారు. లా టైమ్స్ అనే న్యాయశాస్త్ర పత్రికనీ నడిపారు.

ఇక ఆష్ హత్య కేసు. నన్ను బాగా ఆలోచనలో పడేసింది ఇదే. తిరునల్వేలి కలెక్టరు ఆష్ దొరని 1911 జూన్ 17న మణియాచ్చి జంక్షనులో రైలుపెట్టెలోనే వాంచినాథన్ అనే యువకుడు కాల్చి చంపాడు. అక్కడే తననీ కాల్చుకుని చనిపోయాడు. ఆష్ భార్య కూడా ఆ పెట్టెలోనే ఉంది. కళ్ళెదుట భర్త ప్రాణం పోయింది. ఏ దేశపు ఆడదైతేనేం, ఆ దుఃఖం మనకి తెలియనిదా? కాల్చినవాడు ఎలాగూ లేడు కాబట్టి, కుట్ర చేశారని పధ్నాలుగు మందిని పట్టుకుని మద్రాసు హైకోర్టులో ముగ్గురు జడ్జీల ముందు నిలబెట్టారు. చంపింది తెల్ల కలెక్టర్ని, రాజ్యం తెల్లవాళ్ళది. ఆ ముద్దాయిల పక్కన నిలబడటమంటే మాటలా? సర్కారు కన్నుపడితే ప్రాక్టీసే పోవచ్చు. ప్రకాశంగారు నిలబడ్డారు. ఆయన వాదించిన ముద్దాయి స్వల్ప శిక్షతో బయటపడ్డాడు. మొదటి ముద్దాయి నీలకంఠ బ్రహ్మచారికి మాత్రం ఏడేళ్ళు పడింది.

"చంపినవాళ్ళ తరఫున ఎలా వాదిస్తారు?" అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. మాకు తెలిసిన ఒక పెద్ద ప్లీడరుగారు కాఫీ తాగుతూ చెప్పిన జవాబు ఇది: "అమ్మా, చేశాడా లేదా అని తేల్చేది జడ్జీగారు. రుజువు చెయ్యాల్సిన బాధ్యత సర్కారుది. ఆ రుజువు గట్టిదా, డొల్లా అని గీటుపెట్టి చూసేవాణ్ణి నేను. నేను లేకపోతే పోలీసులు రాసిందే తీర్పు." కంసాలి దగ్గర గీటురాయి బంగారాన్నీ గిల్టునీ రెంటినీ గీసి చూస్తుంది కదా. ఈ జవాబుతో నాకు పూర్తిగా సమాధానం కలిగిందని అనను. నిజంగా నేరం చేసినవాడు తప్పించుకుంటే ఆ ఇంటివాళ్ళ గతేమిటని నా మనసులో ఇప్పటికీ ఓ మూల పీకుతూనే ఉంటుంది. కానీ ఇస్త్రీ ఆమె కొడుకు గుర్తొస్తే నోరు మూసుకుంటాను.

ప్రకాశంగారు 1921లో ఆ ప్రాక్టీసంతా వదిలేసి స్వరాజ్య పత్రిక పెట్టారు, ఉన్నదంతా దేశానికే ఊడ్చిపెట్టారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957లో పోయేనాటికి వెనకేసుకున్నదంటూ ఏమీ లేదంటారు. ఆ ఇంటి ఆడవాళ్ళు ఎలా నెట్టుకొచ్చారో ఎవరూ అంతగా రాయలేదు, అది నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

ఇప్పుడు ఆ గ్రేడులేవీ లేవు. 1961లో వచ్చిన చట్టంతో అందరూ అడ్వకేట్లే. ఆడవాళ్ళు న్యాయవాద వృత్తి చెయ్యవచ్చని 1923లోనే చట్టం వచ్చింది. డిగ్రీ ఉన్నవాళ్ళకి మూడేళ్ళు, ఇంటరుతో అయితే అయిదేళ్ళు లా కోర్సు. ఇంటరుతో చదువు ఆపేసిన నాకు ఈ సంగతి ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటేనా!

మనకి బాగా పనికొచ్చేవి కొన్ని చెబుతాను, గుర్తుపెట్టుకోండి. అరెస్టయిన మనిషికి కారణం చెప్పాలి. తనకి నచ్చిన లాయరుతో మాట్లాడుకునే హక్కుంది. ప్రయాణానికి పట్టే సమయం కాకుండా 24 గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇవి రాజ్యాంగంలోనే ఉన్నాయి. ఆడవాళ్ళని పొద్దుగుంకాక, తెల్లారకముందు అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరి అయితే ముందుగా మెజిస్ట్రేటు అనుమతి తీసుకుని ఆడపోలీసే రావాలి. సాక్ష్యం కోసమైతే ఆడవాళ్ళని స్టేషనుకి రమ్మనకూడదు, ఇంటికే వచ్చి అడగాలి. 2024 జూలై 1నుంచి పాత చట్టం స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది, అందులోనూ ఈ రక్షణలున్నాయి.

లాయరు ఫీజు గురించి భయపడకండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, ఎంత ఆస్తి ఉన్నా లేకపోయినా, ఉచితంగా న్యాయసహాయం దొరుకుతుంది. కస్టడీలో ఉన్నవాళ్ళకీ అంతే. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. తెల్లకాయితం మీద తెలుగులో రాసిచ్చినా తీసుకుంటారు. ఫోను చెయ్యాలంటే 15100. నేనైతే వంటింట్లో క్యాలెండరు మీద, గ్యాసు బుకింగు నంబరు కిందనే రాసిపెట్టాను.

ఇస్త్రీ బట్టలు మళ్ళీ ఆమెకే ఇస్తున్నాను. మొదటిరోజు మూట నేనే పట్టుకెళ్ళాను. ఆమె లెక్కపెట్టి, "పదిహేను, అమ్మగారూ, సాయంత్రానికి ఇస్తా" అంది.