మడ ఆకు నుంచి మన పులుసు దాకా

మన యానాం పక్కనే, గోదావరి సముద్రంలో కలిసేచోట కోరింగ మడ అడవి ఉంది. మన పులుసులోకి వచ్చే పీత, రొయ్య, చేపల కథ చాలావరకు అక్కడే మొదలవుతుంది.

మడచెట్టు ఎండలోని శక్తిని ఆకులో దాస్తుంది. ఆకు రాలి బురదలో కుళ్లుతుంది. ఆ కుళ్లును పీతలు, రొయ్యపిల్లలు తింటాయి. వాటిని చేపలు, చేపల్ని నీటికుక్కలు, బావురుపిల్లులు తింటాయి. ఒకే రొయ్యను చేపలూ, కొంగలూ, మనమూ తింటాం కనుక ఇది వట్టి గొలుసు కాదు, వల.

తిన్నదాంట్లో ఎక్కువ భాగం కదలడానికి, ఊపిరికి ఖర్చై వేడిగా పోతుంది. పై మెట్టుకు చేరేది సుమారు పదోవంతే. ఆకులో 1000 కేలరీలుంటే రొయ్యకు 100, చేపకు 10, చేపను తిన్న మనకు 1. ఈ లెక్కకు 1942లో అమెరికా శాస్త్రవేత్త రేమండ్ లిండెమన్ పునాది వేశారు.

ఎరువు మట్టికి తిరిగొస్తుంది. వేడిగా పోయిన శక్తి తిరిగిరాదు. రోజూ ఎండ నుంచి కొత్తగా పట్టుకోవాలి, పట్టేది ఆకే. అందుకే చెరువుల కోసం మడ నరికితే పోయేది చెట్టొక్కటే కాదు, రేపు మన జాలర్ల వలలో పడాల్సిన చేప కూడా.