76 అక్షరాల పద్యం.. ఒక్కో గొంతులో ఒక్కో కృష్ణుడు!

కవర్ సాంగ్ అంటే యూట్యూబ్‌తో పుట్టిన పని అనుకుంటాం. పాత హిట్ పాట ఒకటి పట్టుకోవడం, గిటార్ తగిలించుకోవడం, మన స్టైల్లో పాడి అప్‌లోడ్ చేసేయడం! రాయలసీమ ఊళ్లలో మాత్రం ఇది తరాలుగా నడుస్తున్న పనే. అక్కడ గిటార్ ఉండదు, హార్మోనియం ఉంటుంది. లైకులు ఉండవు, ‘ఒన్స్ మోర్’ కేకలు ఉంటాయి. పాడేది కిరీటం పెట్టుకున్న కృష్ణుడు, లేదంటే కాటి కాపరి వేషంలో ఉన్న హరిశ్చంద్రుడు.

అవును, మన పద్యనాటకం గురించే. పద్యం అందరికీ ఒక్కటే. పాడే తీరు మాత్రం ఎవరిది వాళ్లదే. అసలు మజా అంతా అక్కడే ఉంది. ఇప్పుడు ప్రమాదంలో పడిందీ అదే.

గనుల నేల.. నాటకాల నేల

మంగంపేట పేరు చెప్పగానే ముగ్గురాయి గుర్తొస్తుంది. ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి ఓబులవారిపల్లె మండలంలోని ఈ ఊళ్లోనే ఉంది. మంగంపేట ఉన్న పాత కడప జిల్లా నాటకానికి కూడా గనే! వనారస గోవిందరావు 1885లో ‘కీచక వధ’ ఆడించి సురభి సమాజానికి నాంది పలికింది ఈ జిల్లాలోని సురభి గ్రామంలోనే. ఆ ఊరి పేరే సమాజం పేరైంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’(1932)లో లీలావతిగా కనిపించిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల నుంచి వచ్చిన నటే.

సీమకు పక్కనే ఉన్న బళ్లారిలో, వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1880ల్లోనే తెలుగు నాటకంలోకి పాటలు తెచ్చారు. ఆయన్ని ‘ఆంధ్ర నాటక పితామహుడు’ అన్నారు. అంటే నాటకం అంటే పాట కూడా అని జనానికి అలవాటు చేసినవాళ్లలో మన సీమవాళ్లు ముందు వరసలో ఉన్నారన్నమాట.

చదివితే అర నిమిషం కూడా పట్టదు

తిరుపతి వెంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకాల్లో ‘జెండాపై కపిరాజు’ పద్యం తెలియని తెలుగు పల్లె ఉండదేమో. అది శార్దూలం. పాదానికి 19 అక్షరాలు, నాలుగు పాదాలకి కలిపి 76. మామూలుగా చదివితే అర నిమిషం కూడా పట్టదు. స్టేజీ మీద అదే పద్యం నిమిషాలకి నిమిషాలు సాగుతుంది. ఎలాగంటారా?

పద్యానికి గణాలుంటాయి, యతిప్రాసలుంటాయి. కానీ సినిమా పాటలాగా తాళానికి కట్టుబడి పాడాల్సిన పని లేదు. ఎక్కడ ఆగాలి, ఏ మాటని సాగదీయాలి, ఏ పాదం చివర రాగం తీయాలి.. అంతా పాడేవాడి ఇష్టం. మోహనలో ఎత్తుకోవచ్చు, కల్యాణిలోనూ ఎత్తుకోవచ్చు. హార్మోనిస్టు గొంతు వెనకే నడుస్తాడు. ఒక్కోసారి తానే ఒక సంగతి అందించి ‘ఊఁ, కానీ’ అన్నట్టు చూస్తాడు. కాబట్టి కవి రాసింది సగమే. మిగతా సగాన్ని నటుడు ఆ రాత్రికి ఆ రాత్రి తయారు చేసుకుంటాడు.

ఇంతకీ ఆ పద్యంలో ఏముంది? కృష్ణుడు కౌరవ సభలో దుర్యోధనుడికి రేపటి యుద్ధాన్ని కళ్లకు కట్టిస్తాడు. నేను రథం తోలుతూ ఉంటే, అర్జునుడు గాండీవంతో మీ సేనను చెండాడుతూ ఉంటే, అప్పుడు నువ్వు సంధి కావాలని ఎంత మొత్తుకున్నా వినేవాడు ఉండడు అంటాడు. దీన్ని బెదిరింపుగా పాడొచ్చు. ‘నా మాట విను, ఇంకా టైముంది’ అనే బాధతోనూ పాడొచ్చు. యుద్ధం గురించిన మాటల దగ్గర గొంతు పెంచితే ఒక కృష్ణుడు, చివర్లో వచ్చే సంధి మాట దగ్గర గొంతు తగ్గిస్తే ఇంకో కృష్ణుడు. అక్షరం మారలేదు, మనిషే మారిపోయాడు!

ఒకే రాత్రి ఇద్దరు కృష్ణులు

సీమ పల్లెల్లో నాటకం కాంట్రాక్టుకి తెస్తే చాలాచోట్ల ఒకే పాత్రకి ఇద్దరు నటులుంటారు. మొదటి కృష్ణుడు పడక సీను చేసి వెళ్లిపోతాడు. రాయబారం సీనుకి రెండో కృష్ణుడు దిగుతాడు. హరిశ్చంద్ర నాటకంలోనూ అంతే, కాటి సీనుకి వేరే ఆయన వస్తాడు. కొత్తగా చూసేవాళ్లకి ఇది వింతగా ఉంటుంది కానీ ఊరి జనానికి అదే పండగ. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి తూకం వేస్తారు. ఎవరి గొంతు బాగుంది, ఎవరు మాట మింగేశారు, ఎవరి రాగం ఎక్కువైంది.. పొద్దున టీ బంకు దగ్గర తీర్పు వచ్చేస్తుంది.

ఒక్కొక్కరిదీ ఒక్కో దారి

పాత తరం పేర్లు చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కల్యాణం రఘురామయ్య పాటకి తోడు ఈల కూడా వేసి, ఆ ఈలనే ఇంటిపేరు చేసుకున్నారు. 1960లో వచ్చిన ‘శ్రీకృష్ణ రాయబారం’ సినిమాలో కృష్ణుడు ఆయనే. షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడికి రాగమే బలం. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడిలో మాట స్పష్టత, భావం ముందు కనిపిస్తాయి. ‘శ్రీకృష్ణావతారం’(1967) సినిమాలో ఘంటసాల ఇవే రాయబార పద్యాల్ని స్టేజీ సాగదీత తగ్గించి, మైకుకి తగ్గట్టు మలిచారు. నలుగురూ పాడింది అవే కవుల పద్యాలు. కానీ ఒకరిని విని ఇంకొకరు అని ఎవరూ పొరబడరు.

స్థానం నరసింహారావు కథ ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. మగవాడై ఉండి సత్యభామగా జనాన్ని మెప్పించిన నటుడాయన. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామకి ‘మీరజాలగలడా’ పాట తనే రాసుకుని పాడారు. 1966లో సినిమా వచ్చినప్పుడు పి.సుశీల అదే పాట పాడారు. ఇప్పుడు మనం ఫోన్లో వింటున్నది ఎక్కువగా ఆ వెర్షనే. స్టేజీ మీద ఒక మగగొంతు సృష్టించిన సత్యభామ గర్వం, తెర మీద ఆడగొంతులో కొత్తగా పుట్టింది.

కాటి సీను సంగతి మరీ విశేషం. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రాసిన హరిశ్చంద్ర నాటకంలో జనం ఎదురుచూసే శ్మశానం పద్యాలు అసలు ఆ నాటకంలోవే కావు. గుర్రం జాషువా ‘స్మశానవాటి’ ఖండికలోవి. నటులు వాటిని తెచ్చి సీనులో కలిపేసుకున్నారు. కులం పేరుతో అవమానాలు పడ్డ కవి మాటల్ని, కులాల గీతలున్న ఊళ్లే రాత్రంతా కూర్చుని ఒన్స్ మోర్ కొట్టి విన్నాయి. రాజూ పేదా ఒకే మట్టిలో కలుస్తారన్న ఆ మాటను ఊరి నడిమధ్య వినిపించింది నటుల గొంతులే.

రాగం ఎక్కువైతే?

అలాగని ‘నా స్టైల్’ అంటే ఇష్టమొచ్చినట్టు పాడటం కాదు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ (1880-1946) ఈ విషయంలో గట్టిగా నిలబడ్డారు. నాటకం సంగీత కచేరీ కాదని, నటన ముందు రావాలని ఆయన పట్టుదల. ఆయన బాధలో న్యాయం ఉంది. కొడుకు శవం ముందున్న తండ్రి ఐదు నిమిషాలు రాగం తీస్తే అది దుఃఖమా, గొంతు ప్రదర్శనా? మాట మధ్యలో ఊపిరి తెగితే అర్థమే తలకిందులు కావచ్చు. సొంత బాణీకి ఉన్న హద్దు అదే. ఎంత దూరమైనా వెళ్లు, పాత్రని మాత్రం వదలకు.

జాజ్‌లోనూ ఇదే కథ

విదేశాల్లోనూ ఇదే ఆట నడుస్తోంది. ‘పోర్గీ అండ్ బెస్’(1935) ఒపేరాలో జోలపాటగా వచ్చిన ‘సమ్మర్‌టైమ్’ని బిల్లీ హాలిడే ఒకలా, ఎల్లా ఫిట్జెరాల్డ్ ఇంకోలా, జానిస్ జాప్లిన్ మరీ వేరేగా పాడారు. ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ నాటకంలోని ‘మై ఫేవరెట్ థింగ్స్’ని జాన్ కోల్ట్రేన్ మాటల్లేకుండా సాక్సోఫోన్ మీద 13 నిమిషాలకి పైగా సాగదీశాడు. మన పద్యం రాగాన్ని విన్నవాళ్లకి అదేం కొత్తగా అనిపించదు!

కాపీ కొడితే ఏం పోతుంది?

78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లరే. రాగాన్ని దాంట్లో కుదించాల్సి వచ్చేది. తర్వాత క్యాసెట్లు వచ్చాక డి.వి.సుబ్బారావు హరిశ్చంద్ర పద్యాలు ఊరూరా మోగాయి. ఇప్పుడు అన్నీ ఫోన్లోకి వచ్చేశాయి. నేర్చుకునేవాళ్లకి ఇది పెద్ద వరమే. గురువు దగ్గర ఏళ్ల తరబడి ఉంటే తప్ప దొరకని పద్యం ఇప్పుడు బస్సులో కూర్చుని నేర్చుకోవచ్చు.

చిక్కు కూడా అక్కడే ఉంది. పద్యంతో పాటు ఆ గొంతుని, ఆ ఆగే చోటుని, ఆ విరుపుని కూడా డౌన్‌లోడ్ చేసేసుకుంటున్నారు. జనం కూడా ‘అచ్చం ఆయన లాగే పాడాడు’ అనడమే పెద్ద మెప్పు అనుకుంటున్నారు. పాపం, నటుడేం చేస్తాడు? వచ్చే తిరునాళ్లకి మళ్లీ పిలుపు రావాలంటే జనానికి నచ్చినట్టే పాడాలి కదా. కానీ ఆ పెద్దాయన కూడా ఒకప్పుడు ఎవరిలాగో పాడి ఆగిపోయి ఉంటే, ఈరోజు అనుకరించడానికి ఆయన బాణీ అంటూ ఒకటి ఉండేదే కాదు. మొదట అనుకరించడం తప్పు కాదు, పిల్లలు మాటలు నేర్చుకునేది కూడా అలాగే. అక్కడే ఆగిపోతేనే పద్యం రికార్డింగ్ అయిపోతుంది.

దీన్ని మార్చే బలం పాడేవాళ్ల కన్నా వినేవాళ్ల దగ్గరే ఎక్కువ ఉంది. ఈసారి మీ ఊళ్లో నాటకం పెడితే రీల్ తీసుకోండి, తప్పు లేదు. కానీ కుర్ర కృష్ణుడెవరైనా తెలిసిన పద్యాన్ని తెలియని దారిలో ఎత్తుకుంటే, ‘ఇదేంటి, ఇలా పాడాడు’ అని ముఖం తిప్పుకోకండి. నాలుగో పాదం దాకా వినండి. మాట స్పష్టంగా ఉందా, పాత్ర కనిపించిందా అని చూడండి. ఉంటే మాత్రం మొహమాటపడకుండా అరవండి.. ఒన్స్ మోర్!