చమురు తెట్టు తీసేసినా.. వల ఎందుకు నిండదు?

స్టేషన్ ఘన్‌పూర్: చెరువు పాడైతే ఏమవుతుందో మన దగ్గరి ముదిరాజ్‌లకు, గంగపుత్రులకు చెప్పక్కర్లేదు. సముద్రంలో చమురు ఒలికితే కష్టం ఇంకా పెద్దది.

2017 జనవరి 28న చెన్నై పక్కనే ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నాయి. చమురు ఒలికి తీరం నల్లగా మారింది. జనం బకెట్లతో తోడిపోశారు. మళ్లీ 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపాను వరదతో పాటే మనాలి పారిశ్రామిక ప్రాంతం వైపు నుంచి చమురు ఎన్నూరు కయ్యలోకి చేరింది. ఏడేళ్లు తిరగకముందే అక్కడి మత్స్యకారులకు ఇది రెండో దెబ్బ.

పైన తేలే తెట్టును తీసేయొచ్చు. అడుగున బురదలో కలిసిన చమురుతోనే అసలు తంటా. పీతలు, రొయ్యలు బతికేది అక్కడే. చమురులోని విషాలు చేప గుడ్లను, పిల్లలను దెబ్బతీస్తాయి. దాంతో ఆ తర్వాతి ఏళ్లలో వేటకు దొరకాల్సిన చేపే తగ్గుతుంది. చమురు పట్టిన వల కడిగినా ఓ పట్టాన వదలదు. కొత్తది కొనాలంటే అప్పే గతి. చేప బాగున్నా ‘నూనె వాసన’ అంటూ కొనేవాళ్లు వెనకాడతారు. గంప పెట్టుకుని అమ్ముకునే ఆడవాళ్ల ఆదాయం అలా పోతుంది.

1989 మార్చి 24న అమెరికాలోని అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికింది. నాలుగేళ్లకు, 1993లో, అక్కడి హెర్రింగ్ చేపలు ఒక్కసారిగా పడిపోయాయి. చమురే కారణమా, జబ్బా అన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య వాదన ఉంది. హెర్రింగ్ వేట మాత్రం మళ్లీ మునుపటిలా సాగలేదు.